హాఫ్ క్లచ్‌లో బీథోవెన్

“ఏటమ్మా ఇది... ఘాట్ ఎక్కుతున్న బండిలాగ ఒకటే మోత!”

మూడు నెలలు కూర్చుని నేర్చుకున్న ‘మూన్‌లైట్ సొనాటా’ మొదటి భాగం విని మా నాన్న ఇచ్చిన రివ్యూ ఇది. సంక్రాంతికి హైదరాబాద్ నుంచి వైజాగ్ వెళ్తూ డిజిటల్ పియానో కూడా మోసుకెళ్లాను. రైల్లో పై బెర్త్ మీద దాన్ని పసిపిల్లలా పడుకోబెట్టి, మిగిలిన జాగాలో నేను ముడుచుకుని పడుకున్నాను. అంతా చేస్తే చివరికి ఘాట్ ఎక్కుతున్న బండి!

ఆ మాట ఇంకెవరన్నా అంటే నవ్వి ఊరుకునేదాన్నేమో. మా నాన్నకి ఘాట్ ఎక్కే బండి మోత ఎలా ఉంటుందో బాగా తెలుసు. ఆర్టీసీ డ్రైవర్‌గా ఆయన ఎక్కువ కాలం నడిపింది పాడేరు రూట్లోనే. ఆ రోజుల్లో బస్సుల్లో ఇంజన్ డ్రైవర్ పక్కనే, బానెట్ కింద ఉండేది. డ్యూటీ ఎక్కితే దిగేదాకా ఆ మోత, ఆ వేడి, పైన హారన్లు. రిటైరై నాలుగేళ్లయింది. ఇంజన్ పక్కన లేదు గానీ, అది తీసుకెళ్లినవి తిరిగి రాలేదు.

నాన్నకి చెవుడు అంటే ఒప్పుకోడు. “వినపడతాది. ఏటన్నారో తెలీదు, అంతే” అంటాడు. నిజానికి అదే ఆయన జబ్బు. ఏళ్ల తరబడి మోతలో పనిచేసినవాళ్లకి ముందు దూరమయ్యేవి సన్నటి శబ్దాలట. మాటల్లో స, ష, త, క లాంటి అక్షరాలు ఆ సన్నటి శబ్దాలతోనే తెలుస్తాయి. అవి పోతే మనిషి గొంతు వినపడుతుంది, మాట విడిపోదు. “చక్కెర వెయ్యనా?” అని అమ్మ అడిగితే “ఎక్కడికెళ్తాను, ఇంట్లోనే ఉన్నాను కదా” అంటాడు. మేం నవ్వుతాం. ఆయనా నవ్వుతాడు. ఈమధ్య పెళ్లిళ్లకి వెళ్లడం మానేశాడు. అడిగితే మోకాళ్ల నొప్పులంటాడు.

సరే, పియానో సంగతికొస్తాను. ఆ ‘మోత’ ఎందుకొచ్చిందో అర్థం కావాలంటే పెడల్ గురించి కాస్త చెప్పాలి.

పియానోలో ఒక్కో మెట్టుకీ లోపల తీగలుంటాయి. మెట్టు నొక్కితే చిన్న సుత్తి వెళ్లి తీగని కొడుతుంది. ప్రతి తీగ మీదా ఒక ఫెల్ట్ దిండు కూర్చుని ఉంటుంది. దాన్నే డ్యాంపర్ అంటారు. మెట్టు నొక్కినంతసేపూ ఆ దిండు లేచి ఉంటుంది, వదలగానే పడి తీగ నోరు మూసేస్తుంది. మరీ పైనున్న సన్నటి తీగలకి మాత్రం డ్యాంపర్లుండవు, వాటి శబ్దం ఎలాగూ క్షణంలో ఆరిపోతుంది కాబట్టి. ఇక కుడికాలి కింద పెడల్ తొక్కితే డ్యాంపర్లన్నీ ఒకేసారి పైకి లేస్తాయి. అప్పుడు మెట్టు మీంచి వేలు తీసేసినా శబ్దం సాగుతూనే ఉంటుంది. మనం కొట్టని తీగలు కూడా పక్కవాటితో కలిసి సన్నగా మోగుతాయి. గది మొత్తం పాడుతున్నట్టుంటుంది.

కొత్తగా నేర్చుకునేవాళ్లకి దీనంత మోజు ఇంకొకటి ఉండదు. ఫోన్ కెమెరాలో బ్యూటీ ఫిల్టర్ లాంటిది. తడబడ్డ వేళ్లు, మధ్యలో పడ్డ ఖాళీలు, అన్నిటినీ నున్నగా కప్పేస్తుంది. నేనూ రెండేళ్లు ఆ ఫిల్టర్ పెట్టుకునే వాయించాను. ఎంత బాగా వస్తోందో అనుకున్నాను కూడా.

సికింద్రాబాద్‌లో మా టీచర్ గారింట్లో ఒక పాత అప్‌రైట్ పియానో ఉంది. మూన్‌లైట్ మొదలుపెట్టిన రోజు ఆవిడ నోట్స్ మీద వేలు పెట్టి చూపించారు. మొదట్లోనే ఇటాలియన్‌లో ‘సెంజా సోర్దీనో’ అని రాసి ఉంది. డ్యాంపర్లు లేకుండా అని అర్థం. అంటే పెడల్ తొక్కి ఉంచి, ఆ భాగమంతా అలాగే వాయించమని బీథోవెన్ రాశాడు. నాకు పండగే! తొక్కి పెట్టి మొదటి నాలుగు బార్లు వాయించాను. ఎడమచేతి కింద మొదటి బార్‌లో సి షార్ప్, రెండో బార్‌లో బి. పక్కపక్క స్వరాలు. మొదటిది చావకముందే రెండోది వచ్చి దాని మీద కూర్చుంది. మూడో బార్‌కి గదిలో పులుసు కాగుతున్నట్టుంది.

“ఆయన రాసింది 1801లో” అన్నారు టీచర్. “నువ్వు వాయిస్తున్నది ఇప్పటి పియానో.”

అప్పటి పియానోలకి చెక్క చట్రం, సన్నటి తీగలు. కొట్టిన శబ్దం కాసేపటికే పల్చబడిపోయేది. డ్యాంపర్లు ఎత్తి ఉంచినా పాత స్వరం ఆరుతుండగా కొత్తది వచ్చేది, రెండూ కలిసి పొగమంచులా ఉండేది. ఇప్పటి పియానోలో ఇనుప చట్రం, లావు తీగలు, విపరీతమైన బిగువు. శబ్దం చావదు. ఆయన అడిగిన పొగమంచు ఇప్పుడు పులుసైపోతుంది. పోనీ ప్రతి బార్‌కీ పెడల్ పూర్తిగా వదిలి మళ్లీ తొక్కితే? శుభ్రంగా ఉంటుంది, కానీ మంచు మొత్తం పోతుంది. ట్యూబ్‌లైట్ వేసినట్టుంటుంది.

ఈ రెంటికీ మధ్య ఉన్న దారే హాఫ్ పెడల్. డ్యాంపర్లు తీగల్ని పూర్తిగా వదలకూడదు, పూర్తిగా పట్టుకోకూడదు. ఫెల్ట్ తీగకి తగిలీ తగలనట్టు ఉండాలి. అప్పుడు శబ్దం తెగిపోదు, పేరుకుపోదు, మెల్లగా కరుగుతుంది. ఇందులో నాకు బాగా నచ్చిన రహస్యం ఇంకోటుంది. కింది స్వరాల తీగలు రాగి చుట్టిన లావాటివి, వాటి ఊపు ఎక్కువ. ఫెల్ట్ ఒక్క క్షణం తగిలినంత మాత్రాన ఆగవు. పైవి సన్నవి, తగలగానే ఆగిపోతాయి. కాబట్టి పెడల్‌ని సగం దాకా చటుక్కున లేపి మళ్లీ తొక్కితే పైన చెత్త ఊడ్చుకుపోతుంది, కింద బేస్ మాత్రం నిలబడుతుంది. ఒకే కాలు, ఒకే పెడల్, కానీ కొన్నిటిని ఉంచి కొన్నిటిని తీసేస్తుంది.

వినడానికి ఎంత బాగుందో కదా! ఇంటికెళ్లి వాయిస్తే ఏమీ జరగలేదు. పెడల్‌ని ఎంత మెల్లగా తొక్కినా అయితే మొత్తం, కాకపోతే సున్నా. నెలన్నర పాటు నా కాలికే బుద్ధి లేదనుకున్నాను. ఆఫీసులో టేబుల్ కింద కూడా పాదంతో ప్రాక్టీస్ చేసేదాన్ని. పక్క సీటమ్మాయి “కాలు తిమ్మిరెక్కిందా?” అని అడిగేది.

తీరా చూస్తే తప్పు కాలిది కాదు. నేను వాడుతున్నది పియానోతో పాటు వచ్చిన చిన్న చదరపు పెడల్. అది ఉత్త స్విచ్. గోడ మీద ఫ్యాన్ స్విచ్‌ని ఎంత సుతారంగా నొక్కినా ఫ్యాన్ సగం తిరగదు కదా. డిజిటల్ పరికరాల్లో పెడల్ ఎంత లోతుకి దిగిందో 0 నుంచి 127 దాకా అంకెల్లో పంపే ఏర్పాటు ఉంటుంది. స్విచ్ పెడల్ వాటిలో 0, 127 రెండే పంపుతుంది. మధ్యలో ఉన్న ప్రపంచమంతా దానికి లేదు. మీలో ఎవరైనా ఇంట్లో కీబోర్డుతో కుస్తీ పడుతుంటే, మిమ్మల్ని మీరు తిట్టుకునే ముందు ఒకసారి మాన్యువల్ తీసి అది హాఫ్ పెడల్‌ని పట్టించుకుంటుందో లేదో చూడండి. అది పట్టించుకుంటే దానికి తగ్గ పెడల్ కొనండి. రెండిట్లో ఏది లేకపోయినా లాభం లేదు. నాది పట్టించుకునే రకమే. నెలన్నర తిట్లు మాత్రం అనవసరంగా తిన్నాను, అదీ నా నుంచే.

కొత్త పెడల్ వచ్చింది. ఇప్పుడు మధ్యలో ప్రపంచం ఉంది, కానీ అది ఎక్కడుందో కాలికి తెలీదు. రెండేళ్ల అలవాటు కదా, ధన్‌మని తొక్కడం, టక్కున వదలడం. ఆ స్థితిలోనే సంక్రాంతికి వైజాగ్ వెళ్లి నాన్న ముందు కూర్చున్నాను.

‘ఘాట్ బండి’ రివ్యూ అయ్యాక నేను మొహం ముడుచుకున్నానని ఆయనకి తెలిసిపోయింది. దగ్గరికొచ్చి నిలబడ్డాడు. చేతులకేసి చూడలేదు. చెవులు సరిగా పనిచెయ్యని మనిషి కదా, కళ్లు వేరే చోటికి వెళ్తాయి. నా కాలుకేసి చూశాడు.

“క్లచ్ అలగ వదిలీస్తావేటి? ప్యాసింజర్లు ముందుకి పడిపోరూ?”

“ఇది క్లచ్ కాదు నాన్నా.”

వినపడలేదు, లేదా వినపడనట్టు ఊరుకున్నాడు. ప్లాస్టిక్ స్టూల్ లాక్కుని నా పక్కనే కూర్చున్నాడు. పెడల్ మీద తన ఎడమకాలు పెట్టాడు. మడమ నేలకి ఆనించి, వేళ్ల కింద మెత్తటి భాగంతో మెల్లగా దింపాడు, మెల్లగా లేపాడు. కాలు పెడల్ మీంచి ఒక్కసారి కూడా పైకి లేవలేదు. అచ్చం అదే, మడమ నేల మీద, కాలు పెడల్ వదలకుండా. మా టీచర్ ఆరు నెలలుగా నెత్తీనోరూ కొట్టుకుని చెప్తున్నది.

“హాఫ్ క్లచ్ అంటే సగం అని ఎవులు కొలిచారమ్మా? పట్టుకున్నకాడ ఆపడమే. కొన్ని బళ్లు పైనే పట్టుకుంటాయి, కొన్ని బాగా కిందకెళ్తే గానీ పట్టుకోవు. డిపోలో రోజుకో బండి ఇచ్చేవోరు. ఎక్కగానే స్టార్ట్ చేసీడం కాదు. ముందు కాలితో అడగాలి, నువ్వెక్కడ పట్టుకుంటావురా అని.”

ఇంటర్ అయ్యాక నాకు పాత మారుతి కారు నేర్పించింది ఆయనే. సింహాచలం కొండ దారిలో, వాలు మీద ఆపించి, హ్యాండ్‌బ్రేక్ ముట్టుకోనివ్వకుండా బండి వెనక్కి జారకుండా నిలబెట్టమన్నాడు. వెనక ఆటోవాడు హారన్ కొడుతుంటే నేను ఏడుపొక్కటే తక్కువ. ఒక్కసారి కాలి కింద సన్నటి వణుకు తెలిసింది. ఇంజన్ గొంతు కొంచెం బరువెక్కింది. బండి వెనక్కి పోలేదు, ముందుకీ పోలేదు. “అదీ!” అన్నాడు. పదేళ్ల కిందటి ఆ వణుకు పెడల్ ముందు కూర్చున్నప్పుడు ఎందుకు గుర్తు రాలేదో! అది ఎడమకాలికి తెలిసిన విద్య. కుడికాలికి ఎవరూ చెప్పలేదు.

“అయితే ఒకటి” అని వేలు చూపించాడు నాన్న. “ఎప్పుడూ హాఫ్ క్లచ్చిలోనే నడపకు. ప్లేట్లు కాలిపోతాయి.”

పియానోకి ప్లేట్లు కాలవని చెప్పాను. “అయినా అలవాటు మంచిది కాదు” అన్నాడు. తర్వాత మా టీచర్‌తో చెప్తే ఆవిడ నవ్వలేదు. “కరెక్టే, హాఫ్ పెడల్ నేర్చుకున్న కొత్తలో అందరూ అన్నిటికీ అదే వాడతారు. పాట మొత్తం తడిసిన బట్టలా అయిపోతుంది. కొన్ని చోట్ల నిండుగా తొక్కాలి, కొన్ని చోట్ల అసలు వద్దు” అన్నారు.

ఆ పండగ నాలుగు రోజులూ పాట వాయించలేదు. ఒకే పని. కింది స్వరం ఒకటి తీసుకుని, పెడల్ కాస్త దింపి, మెట్టుని చురుక్కుమని కొట్టి వదిలెయ్యడం. శబ్దం వెంటనే ఆగిపోతే కాలు ఇంకా పైనే ఉంది. హాయిగా మోగుతూనే ఉంటే మరీ కిందకెళ్లింది. కొట్టి వదిలాక శబ్దం తోకలా కొంచెం సాగి ఆరిపోతే, అదీ పట్టుకున్న చోటు. గోరంత దూరంలో ఉంటుంది మొత్తం. తర్వాత అక్కడ కాలు ఆపి ఇంకో స్వరం, ఇంకోటి. అమ్మ వంటింట్లోంచి “ఆ ఒక్కటే కొడతావేటే, పాడైపోయిందా?” అంది. నాన్న అరుగు మీద పేపర్ చదువుకుంటున్నాడు. ఆయనకి అవేవీ వినపడట్లేదు.

ఆ రాత్రి ఫోన్‌లో బీథోవెన్ గురించి చదువుతూ ఒక ఉత్తరం దగ్గర ఆగిపోయాను. 1801 జూన్‌లో, బాన్‌లో ఉన్న తన డాక్టర్ స్నేహితుడు వెగెలర్‌కి రాసింది. మూన్‌లైట్ రాసిన ఏడాదే. అప్పటికి ఆయన వయసు ముప్పై. చెవులు పాడవుతున్నాయని చెప్తాడు అందులో. థియేటర్లో స్టేజీకి బాగా దగ్గరగా కూర్చుంటే గానీ అర్థం కావట్లేదట. దూరంగా ఉంటే వాయిద్యాల్లో, గొంతుల్లో పై స్వరాలు వినపడట్లేదట. ఎవరైనా మెల్లగా మాట్లాడితే ధ్వని తెలుస్తోంది గానీ మాటలు తెలియట్లేదట. రెండేళ్లుగా నలుగురిలోకి వెళ్లడం మానేశానని, నాకు చెవుడు అని జనానికి చెప్పుకోలేనని కూడా రాశాడు.

ఫోన్ పక్కన పెట్టేశాను. ముందుగదిలో నాన్న టీవీ పెద్ద సౌండ్‌తో నడుస్తోంది. మోకాళ్ల నొప్పులు!

చెవుడు వల్లే ఆయన డ్యాంపర్లు వద్దన్నాడని నేననను. అలా కథలల్లడం తేలిక. పైగా ‘మూన్‌లైట్’ అన్న పేరు కూడా ఆయన పెట్టింది కాదు, పోయాక జనం తగిలించింది. కానీ నేను పెడల్ తొక్కిపట్టి చేసిన మోత, నాన్న రోజూ వింటున్న లోకం, రెండూ ఒకేలా ఉంటాయన్న సంగతి మాత్రం ఆ రాత్రి నిద్ర పట్టనివ్వలేదు. శబ్దం ఉంటుంది, విడిపోదు. నా చేతుల్లో ఉన్నదాన్ని నేను కాలు లేపి తేటపరుచుకోవచ్చు. ఆయనకి ఆ పెడల్ లేదు.

మర్నాడు చెవి మిషన్ సంగతి ఎత్తాను. ఉందట. రెండేళ్ల కిందటే కొన్నారట. బీరువాలో, లాకర్ పక్కన, డబ్బాతో సహా. “పెట్టుకుంటే గిన్నెల చప్పుడు, ఫ్యాను, కాకులు, అన్నీ నెత్తినెక్కుతాయి. మాట మాత్రం అలగే ఉంటాది” అన్నాడు. మళ్లీ వెళ్లి సెట్టింగ్ మార్పించుకోవాలని ఆయనకెవరూ చెప్పలేదు, ఆయనా అడగలేదు. వేసవిలో హైదరాబాద్ వస్తే చూపిద్దామన్నాను. సరేననలేదు, కాదనలేదు.

మార్చిలో టీచర్ గారి స్టూడెంట్స్ కచేరీ. అద్దెకి తీసుకున్న హాల్లో పెద్ద గ్రాండ్ పియానో. మిగతావాళ్లంతా ముందే వెళ్లి దాన్ని ఒకసారి వాయించి చూసుకున్నారు. నేను ట్రాఫిక్‌లో ఇరుక్కుని, చెమటలు కక్కుతూ సరిగ్గా నా పేరు పిలిచేసరికి చేరాను. ఇంట్లో, టీచర్ గారింట్లో ఎప్పుడూ ఉత్తకాళ్లతోనే వాయిస్తాం కదా, చెప్పులు గుమ్మంలోనే. ఆ రోజు కాళ్లకి కొత్త బూట్లు. వెళ్లి కూర్చుని మొదలుపెట్టేశాను.

ఆ పియానో బాగా కిందకెళ్తే గానీ పట్టుకోదు. నా కాలు ఇంట్లో అలవాటైన చోట ఆగింది. అక్కడ దాని పెడల్ ఇంకా ఊరికే కదులుతోంది, డ్యాంపర్లు లేవనే లేదు. మొదటి బార్ ఎండు కొమ్మలు విరిచినట్టు వచ్చింది. కంగారుపడి మొత్తం తొక్కేశాను. రెండో బార్ నుంచి పులుసు. ఐదో బార్ చివర పైన రాగం మొదలవ్వాలి, అది ఆ పులుసులోకే వచ్చి మునిగింది. సగం దూరం వెళ్లాక గానీ కాలికి చోటు దొరకలేదు. అప్పటిదాకా నా చెవుల్లో ఒకటే మాట. ముందు కాలితో అడగాలి. అడగలేదు. చప్పట్లు మామూలుగానే కొట్టారు. అలాంటి చోట్ల ఎవరికైనా కొడతారు.

నాన్నకి ఫోన్ చేసి చెప్పాను. ఫోన్లో ఆయనకి సగం అర్థం కాదు, అందుకే అమ్మ మధ్యలో తర్జుమా చేసింది. “కొత్త బండి కదా” అన్నాడట.

మేలో వచ్చారు ఇద్దరూ. చెవి మిషన్‌ని రెండుసార్లు వెళ్లి సరిచేయించాం. అద్భుతాలేం జరగలేదు. కాకుల గోల తగ్గింది. ఎదురుగా కూర్చుని మాట్లాడితే మాటలు ఎక్కువ దొరుకుతున్నాయి. అంతే. ఓ ఆదివారం పొద్దున్న టీచర్ గారింటికి తీసుకెళ్లాను. ఆయన గుమ్మంలో చెప్పులు విప్పి, పాత పియానో చుట్టూ ఒకసారి తిరిగి, కొనబోయే సెకండ్‌హ్యాండ్ బండిని చూసినట్టు చూశాడు. వంగి పెడల్స్ వైపు కూడా చూశాడు. “మూడున్నాయి. బ్రేకేది?” అన్నాడు. టీచర్ గట్టిగా నవ్వారు.

నేను కూర్చున్నాను. ముందు పెడల్‌ని నాలుగైదుసార్లు మెల్లగా దింపి లేపాను. కింది స్వరం ఒకటి చురుక్కుమని కొట్టి చూశాను. తోక సాగింది. నాన్న పక్కనే కుర్చీలో కూర్చుని పియానో చెక్క మీద అరచెయ్యి ఆనించాడు. ఎవరూ చెప్పలేదు అలా పెట్టమని.

మొదలుపెట్టాను. సి షార్ప్. పైన మూడేసి స్వరాలు తిరుగుతున్నాయి. రెండో బార్‌కి కాలు గోరంత లేచి మళ్లీ దిగింది. కింద బి వచ్చింది. పాతది పూర్తిగా చావలేదు, దారిచ్చి పక్కకి తప్పుకుంది. నా జీవితంలో అంత బాగా ఎప్పుడూ రాలేదని చెప్పను. పదిహేనో బార్ దగ్గర ఒక వేలు తప్పింది కూడా. చివరిదాకా వెళ్లి చేతులు తీశాను.

నాన్న వెంటనే ఏమీ అనలేదు. చెవి వెనక మిషన్‌ని ఒకసారి తడుముకున్నాడు.

“మొదట్లోనే గేరు మార్చావు. రెండో దెబ్బకి. కింద మోత ఒకటి తగ్గి ఇంకోటొచ్చింది. అవునా?”

అవునన్నాను.

“పైన సన్నగా ఏదో ఉన్నాది. అది అందలేదు.”

టీచర్ నావైపు చూశారు. నేను నోట్స్ కాగితాలు మొదటికి తిప్పాను.

“ఇంకోపాలి వాయించు” అంటూ నాన్న కుర్చీని ఇంకాస్త దగ్గరికి లాక్కున్నాడు.